ఏడో వార్డు గైర్హాజరు

మా కౌన్సిల్ రికార్డు ప్రకారం మా తమ్ముడికి ఏడు నెలలపాటు జ్వరం. తెప్పించింది నేనే. నా చేత్తో, నా కలంతో, నెలకోసారి చొప్పున ఏడుసార్లు తెప్పించాను. గొప్పగా చెప్పుకోవడం లేదు. ఇంకెవరో చెబితే వినేకంటే నేనే చెప్పడం నయమని చెబుతున్నాను. నా నోరు మంచిది కాదని ఆఫీసంతా అంటుంది. కానివ్వండి, నిజమైనా ఆ నోటితోనే రానివ్వండి.

నేను కౌన్సిల్ ఆఫీసులో మీటింగు గుమస్తాని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. తొమ్మిది వార్డులు, తొమ్మిదిమంది మెంబర్లు, వాళ్ళలో ఒకాయన ప్రెసిడెంటు. ప్రతి నెలా మొదటి సోమవారం పదకొండింటికి మీటింగు. మేడమీద పొడుగాటి గది, పొడుగాటి బల్ల, బల్ల చివర నాకో చిన్న టేబులు. గోడవారన జనం కూర్చోడానికి రెండు బెంచీలు. వాటిమీద ఎండాకాలంలో ఫ్యాన్ కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. మీటింగు మొదలవగానే నేను హాజరు పిలుస్తాను. వార్డు నంబరు, మనిషి పేరు. "హాజరు" అంటే నీలం సిరాతో టిక్కు. సెలవు చీటీ ఉంటే "సె". ఏదీ లేకపోతే ఎర్ర సిరాతో "గై", అంటే గైర్హాజరు.

ఆ సెలవు చీటీల సంగతి ముందు చెప్పాలి. రాలేని మెంబరు ముందుగా చీటీ రాసి పంపాలని రూలు. పంపేదెవరు? పొద్దున్నే ఫోన్ చేసి, ఈసారికి నువ్వే ఏదో ఒకటి రాసి పడేయమ్మా అంటారు. రాసి పడేస్తాను. "జ్వరం కారణంగా హాజరు కాలేకపోతున్నాను, సెలవు మంజూరు చేయ ప్రార్థన." పన్నునొప్పైనా జ్వరమే, పక్కూళ్ళో పనైనా జ్వరమే, ఒట్టి బద్ధకమైనా జ్వరమే. కింద సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు వేసి ఫైల్లో పెడతాను. ఆ మనిషి మళ్ళీ వచ్చినప్పుడు ఆ గుర్తు మీద సంతకం గీకి పోతాడు. మీటింగులో నేను "సెలవు చీటీలు రెండు" అంటాను, ఎవరూ తలెత్తకుండా "సరే" అంటారు. సెలవు మంజూరైనట్టే. నేను చేరకముందు నుంచీ ఇదే తంతు. తప్పని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

మా తమ్ముడు ఏడో వార్డు మెంబరు. పనికి వడ్రంగి. కొలతల మేస్త్రి అంటే గానీ ఎవరికీ తెలీదు. టీ ఇస్తే గ్లాసు ఎత్తు కూడా కళ్ళతో కొలిచే రకం. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. నేనే ఎత్తుకు పెంచాను, నేనే బళ్ళో వేశాను, నేనే పెళ్ళి చేశాను. పెళ్ళయ్యాక వేరే ఇల్లు చూసుకోరా అంటే, నీ నోటికి జడిసి నిన్ను ఇంకెవరూ దగ్గర పెట్టుకోరక్కా, మేమే భరిస్తాంలే అన్నాడు. కొత్త పెళ్ళాం ముందే అన్నాడు. ఆ పిల్ల నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగరు, అదీ నా నోటి పుణ్యమే.

మా మరదలు టైలరు. ముందుగదిలో మిషను, ఎప్పుడూ టకటకమని చప్పుడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారుగా, మా ఇంట్లో మాత్రం నేనొక మాటంటే ఆ పిల్ల రెండనేది. పన్నెండేళ్ళు ముగ్గురం అలా అరుచుకుంటూ, నవ్వుకుంటూ బతికాం. బాగా బతికాం.

ఏడో వార్డు ఏటికి అవతల. మేముండేది అక్కడే. ఊళ్ళోకి రావడానికి నడిచే వంతెన ఒక్కటే ఉండేది, ఇనుప తాళ్ళు, చెక్క పలకలు. అది కాదంటే ఎగువన ఆనకట్ట చుట్టూ తిరిగి రావాలి, ఏడు కిలోమీటర్లు. ఆ వంతెన తుమ్మితే ఊడే ముక్కులా ఉందని మా తమ్ముడు ప్రతి మీటింగులోనూ మొత్తుకునేవాడు. ఎన్ని పలకలు పుచ్చాయో, ఏ మేకు ఎన్ని అంగుళాలు బయటికొచ్చిందో లెక్కతో సహా చెప్పేవాడు. చూద్దాం అనేవాళ్ళు. మినిట్సులో "చూద్దాం" అని రాయకూడదు కాబట్టి "పరిశీలనలో ఉంది" అని నేనే రాసేదాన్ని.

వరదొచ్చింది బుధవారం. తెల్లవారి ఆరింటికి వంతెన పలకలమీదికి నీళ్ళు ఎక్కుతున్నాయని తెలిసి వీడు తాళ్ళు భుజాన వేసుకుని పోయాడు. మా వైపు అడ్డంగా కట్టేశాడు. ఊరివైపు కూడా కట్టకపోతే, మార్కెట్టు నుంచి తిరిగొచ్చే మా వార్డు ఆడవాళ్ళు అటునుంచి ఎక్కేస్తారని బయల్దేరాడట. గట్టుమీదున్న పాలాయన వద్దు మేస్త్రీ అని వారించాడు. నూటపది అడుగులు, ఎంతసేపు అన్నాడట వీడు. సగం దాటాక వంతెన పోయింది. వంతెనతోపాటు వీడూ పోయాడు. ఈ ముక్క ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, నోట రావడానికి నాకు సంవత్సరం పట్టింది.

పదకొండు రోజులు పడవలేసుకుని వెతికారు. పలకలు దొరికాయి. ఇనుప తాడు దొరికింది. మనిషి దొరకలేదు.

వెతుకులాట జరుగుతుండగానే సోమవారం వచ్చింది, మీటింగు వచ్చింది. సెలవు పెట్టమంటే పెట్టలేదు నేను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. హాజరు పుస్తకం ముందేసుకుని చూస్తే ఏడో నంబరు దగ్గర ఏం రాయాలో తెలీలేదు. చెయ్యి దానంతటదే చీటీ తీసింది. జ్వరం కారణంగా అని రాసింది. పెన్సిల్‌తో ఇంటూ వేసింది. సెలవు చీటీలు ఒకటి అన్నాను. సరే అన్నారు అందరూ. ఆ రోజు మాత్రం అందరూ తలెత్తి నన్ను చూశారు. ఎవరి కళ్ళలోనూ తప్పుపట్టడం లేదు.

ఆ సాయంత్రం మా మరదలికి చెప్పాను. ఆ పిల్ల నాలుగు రోజులుగా తిండి ముట్టలేదు. చీటీ పెట్టానని చెప్పగానే లేచి కూర్చుంది. "మంచిపని చేశారు వదినా. వచ్చాక సంతకం పెడతాడు," అంది. అని, అన్నం పెట్టుకుని తింది.

అదీ నా తప్పు. ఆ అన్నం ముద్ద చూసి నేను రెండో నెలా రాశాను, మూడో నెలా రాశాను. నెల మొదట్లో టీ గ్లాసు నా ముందు పెట్టి, చీటీ రాశారా వదినా అని అడిగేది. రాశానమ్మా అనేదాన్ని. దింపుడు కళ్ళం ఆశ అంటారే, దానికి కాగితం, సిరా నేనే సప్లై చేశాను. ఆశ ఆ పిల్లదొక్కదానిదే అని చెబితే అబద్ధం. ఇంటూ గుర్తు వేసిన ప్రతిసారీ, వాడొచ్చి ఆ గుర్తు మీద సంతకం పెడుతూ ఇంత జ్వరం ఎప్పుడొచ్చిందే అక్కా నాకు అని వెక్కిరిస్తాడని నాకూ అనిపించేది.

ప్రెసిడెంటు బేకరీ ఆయన. తన రొట్టెకంటే మెత్తటి మనిషి. ఎన్నాళ్ళిలా అని అడగాలని నోటిదాకా వచ్చేది ఆయనకి, అడగలేక టేబులు గంట తుడుచుకునేవాడు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

ఎలాగంటే, మా కౌన్సిల్లో ఒక వార్డు పని అజెండాకెక్కాలంటే ఆ వార్డు మెంబరు సంతకం ఉండాలి. వేరే వార్డు వాళ్ళది చెల్లదు. సీటు ఖాళీ అయితే పక్క వార్డు మెంబరుకి ఇన్‌చార్జి ఇస్తారు, ఆయన సంతకం చెల్లుతుంది. మా సీటు ఖాళీ కాలేదు. మెంబరు ఉన్నాడు, సెలవులో ఉన్నాడు. కొత్త వంతెన కాగితం తయారై నా బీరువాలోనే ఉంది, సంతకం లేదు. వాణ్ణి మింగిన వంతెనని మళ్ళీ కట్టనీయకుండా అడ్డు పడుతున్నది వాడి పేరే. కాదు, నేను. జనం పడవమీద దాటుతున్నారు, నీళ్ళెక్కువుంటే ఆనకట్ట చుట్టూ తిరుగుతున్నారు. నేనూ తిరిగాను. కాళ్ళు లాగితే లాగాయిలే అనుకున్నాను. మిగతావాళ్ళ కాళ్ళ గురించి అనుకోలేదు.

ఏడో నెల చీటీ పెట్టిన వారానికి మా వార్డు తాపీమేస్త్రి భార్యకి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది, ఆసుపత్రికి తీసుకెళ్ళాలంది మా వార్డు నర్సమ్మ. ఎగువన నీళ్ళొదిలారు, పడవ కట్టేసి ఉంది. కుర్చీకి కర్రలు కట్టి నలుగురు మోసుకుపోయారు ఆనకట్ట మీదుగా. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

మర్నాడు పదింటికి నర్సమ్మ ఆఫీసుకొచ్చింది. చెప్పుల నిండా బురద, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా టేబులు ముందు నిలబడి ఒక కాగితం పెట్టింది. మా వార్డు మెంబరు ఎక్కడున్నారో రాతపూర్వకంగా తెలియజేయగలరు అని రాసుంది. రసీదు అడిగింది. నాకు ఒళ్ళు మండింది. నీకు తెలీదా అన్నాను. తెలుసు, ఆఫీసుకి ఏం తెలుసో చెప్పమంటున్నాను అంది. సెలవులో ఉన్నారు అన్నాను. కారణం ఏంటంది. ఫైలు తీసి ఆమె ముందు విసిరినట్టే పడేశాను. ఏడు చీటీలూ వరసగా తిరగేసింది.

"జ్వరమా?" అంది. "నేను నర్సునక్కా. ఏడు నెలల జ్వరం నేనెక్కడా చూళ్ళేదు."

కోప్పడి ఉంటే దీటుగా ఏదో ఒకటి అనేదాన్నే. కోప్పడలేదు. గొంతు మెత్తగానే ఉంది. ఆ ఇంట్లో బిడ్డకని తొట్టి కట్టి ఉంచారు, పొద్దున విప్పేశారు అని చెప్పింది. నీ బాధ నాకు తెలుసు, తమ్ముడు లేడని నీ నోటితో అనలేకపోతున్నావు, కానీ అవతల కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకా నలుగురున్నారు, వాళ్ళ నెలలు నేను లెక్కపెట్టుకుంటున్నాను అంది. రసీదు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆ మధ్యాహ్నమంతా పని చేసినట్టు నటించాను.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. నాకు కప్పా పామూ రెండూ ఇంట్లోనే ఉన్నాయి. అయినా ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే చెప్పేశాను. చల్లార్చి, నానబెట్టి చెప్పడం నాకు చేతకాదు. ఇక చీటీ రాయను అన్నాను. వరసగా మూడు మీటింగులకి సెలవు లేకుండా రాకపోతే సీటు ఖాళీ అవుతుంది, అవనీ అన్నాను. మిషను చప్పుడు ఆగింది.

ఆ పిల్ల చేతిలో గుడ్డ మడత పెట్టింది, మళ్ళీ విప్పింది. సీటు ఖాళీ అంటే మనిషి లేడనే కదా వదినా అంది. కాదని చెప్పబోయాను. అప్పుడు నా మొహంలోకి చూసి అంది:

"మీరు పెంచారు కాబట్టి చంపే హక్కూ మీదేనా?"

ఇరవై ఆరేళ్ళలో ఎంతమంది నోళ్ళు మూయించానో లెక్కలేదు. ఆ మాటకి మాత్రం లేచి నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఏడ్చాను. నేనూ ఏడుస్తాను, ఆఫీసులో చెబితే నమ్మరు.

తర్వాతి నెల మీటింగులో ఏడో వార్డు, పేరు పిలిచాను. సెలవు చీటీలు ఏమీ లేవు అన్నాను. ప్రెసిడెంటు చెయ్యి గంట మీద ఆగిపోయింది. ఎర్ర సిరా కలం తీసి "గై" అని రాశాను. ఇంటికెళ్ళి రాశానని చెప్పాను. మా మరదలు విననట్టే ఉండిపోయింది. కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. నెలంతా అంతే. ఆపై నెల మీటింగులో రెండో "గై" రాశాను. ఒకే కప్పు కింద ఇద్దరాడవాళ్ళం, గోడకి చెప్పుకుంటే గోడైనా ఊ కొట్టేది.

మూడో మీటింగుకి నాలుగు రోజులుందనగా తనే నోరు విప్పింది. ఆ తర్వాత ఏం చేస్తారు అంది. ఏ తర్వాత అని అడగబోయి ఆగాను, తెలివి తక్కువ ప్రశ్న. మూడోసారి పేరు మూడుసార్లు పిలవాలి, పలకకపోతే ఖాళీ నోటీసు రాసి ఎన్నికల అధికారికి పంపాలి, రెండు నెలల్లో ఉపఎన్నిక పెడతారు అని చెప్పాను. ఆ నోటీసు ఎలా ఉంటుందో చూపించమంది. మర్నాడు ఖాళీ ఫారం ఒకటి తెచ్చిచ్చాను.

అచ్చు కాగితమే. వార్డు నంబరు, మెంబరు పేరు, తేదీ. కింద "ఖాళీ ఏర్పడిన కారణం" అని ఉండి, నాలుగు మాటలు వరసగా ఉంటాయి: మరణం, రాజీనామా, అనర్హత, గైర్హాజరు. పక్కన బ్రాకెట్లో "వర్తించనివి కొట్టివేయవలెను" అని. ఆ పిల్ల మిషను దగ్గర లైటు వేసుకుని, గుడ్డకి కత్తెర పెట్టేముందు చూసుకున్నట్టు, ఆ నాలుగు మాటలూ వేలుపెట్టి చదివింది. మన దాంట్లో ఏది ఉంచుతారని అడిగింది. గైర్హాజరు అన్నాను. పిలిచాం, రాలేదు. కౌన్సిల్‌కి తెలిసింది అంతే, అంతకుమించి రాసే అధికారం నాకు లేదు అన్నాను. ఆఫీసు మాటలా వచ్చింది గానీ, నా ప్రాణానికి అంతకంటే మంచిమాట అప్పుడు దొరకలేదు.

"మొదటి మాట కొట్టేస్తారా?" అంది.

"కొట్టేస్తాను."

"గట్టిగా కొట్టేయండి వదినా. కనపడకూడదు."

అని కాగితం నాకిచ్చి, ఎన్నాళ్ళకో నా భుజం మీద తల పెట్టింది. మనిషి ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది నాకు. తాపీమేస్త్రి భార్యని చూసొచ్చానని చెప్పింది. వారం కిందటే వెళ్ళిందట, నాకు చెప్పలేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, కూర్చోమని చాప వేసింది, అదే భరించలేకపోయాను వదినా అంది.

సోమవారం పొద్దున నాతోపాటు పడవెక్కింది. ఎక్కడికని నేను అడగలేదు. మేడెక్కి గోడవారన బెంచీమీద కూర్చుంది. నర్సమ్మ అప్పటికే అక్కడ ఉంది, జరిగి చోటిచ్చింది. ప్రెసిడెంటు లోపలికొచ్చి బెంచీ వైపు చూసి, చూపు తిప్పుకుని కుర్చీలో సర్దుకున్నాడు.

ఒకటి నుంచి ఆరు దాకా పిలిచాను, టిక్కులు పెట్టాను. ఏడో వార్డు అన్నాను, పేరు పిలిచాను. ఎనిమిదిమందీ నేలచూపులు చూస్తున్నారు. రూలు ప్రకారం పిలుపుకీ పిలుపుకీ మధ్య ఒక నిమిషం ఆగాలి. గోడ గడియారంలో ఒక నిమిషం అంత పొడుగుంటుందని నాకు తెలీదు. రెండోసారి పిలిచాను. కింద రోడ్డుమీద ఎవరో పరిగెత్తుతున్న చప్పుడైంది. నా మెడ దానంతటదే తలుపు వైపు తిరిగింది, సిగ్గులేని మెడ. చప్పుడు వెళ్ళిపోయింది. రెండో నిమిషం కూడా అయిపోయింది.

మూడోసారి పిలవలేకపోయాను. నోరు తెరిచాను, పేరు రాలేదు. నాలుగేళ్ళవాడు వీధిలో ఆడుకుంటుంటే అన్నానికి రారా అని అరిచి పిలిచిన పేరు అది. వీధి చివరికి వినబడేలా పిలిచేదాన్ని. ప్రెసిడెంటు నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. పోనీ నేను పిలుస్తానమ్మా అన్నాడు మెల్లగా. నేను తల అడ్డంగా ఊపాను. పిలవడం నా పని.

బెంచీమీది జనం మాట్లాడకూడదు. మాట్లాడితే గంట కొడతారు. మా మరదలు లేచి నిలబడింది.

"పిలవండి వదినా," అంది. "నేనూ వింటాను."

పిలిచాను. ఇంటిపేరుతో సహా, గట్టిగా, వీధి చివరికి పిలిచినట్టే పిలిచాను. గది అంతా మోగింది. ఎవరూ పలకలేదు. ఆ పిల్ల నిలబడే ఉంది, గడియారం చూస్తూ, పూర్తిగా నిమిషం అయ్యేదాకా. అయ్యాక నా వైపు తిరిగి, "రాలేదు. రాసుకోండి," అంది.

గంట ఎవరూ కొట్టలేదు. నేను ఎర్ర సిరాతో మూడో "గై" రాశాను. ఫారం తీసి, ముందు మరణం అన్న మాటమీద నాలుగైదుసార్లు అడ్డంగా గీశాను, కాగితం కాస్త చిరిగింది. తర్వాత మిగతా రెండూ కొట్టేశాను. ఏడు సెలవు చీటీల మాట కూడా నేనే లేచి చెప్పాను, అవి నేను రాసినవని, ఆ మనిషికి తెలియకుండా రాసినవని మినిట్సులోకి కూడా ఎక్కించాను. మా ఆఫీసు సెక్రటరీ సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చాడు. తీసుకున్నాను. అదే రోజు ఎనిమిదో వార్డు మెంబరుకి ఇన్‌చార్జి ఇచ్చారు. ఆయన మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా వంతెన కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, కలం నాకే ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

ఉపఎన్నిక నోటిఫికేషన్ వచ్చింది. మా మరదల్నే నిలబెడదామని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఇంటికొచ్చారు, సానుభూతి ఉంటుందన్నారు. సానుభూతితో వంతెన నిలబడదండీ అని ఆ పిల్లే సాగనంపింది. నా సావాసం బాగానే అబ్బింది అనుకున్నాను. నర్సమ్మ నామినేషన్ వేస్తానంది. వేసేవాళ్ళని అదే వార్డు ఓటరు ఒకరు ప్రతిపాదించాలి. ప్రతిపాదిస్తానని మా మరదలు తనే వెళ్ళి చెప్పిందట.

నామినేషన్ల ఆఖరు రోజు. కింద హాల్లో ఎన్నికల అధికారి కూర్చున్నాడు, పైనుంచి వచ్చిన మనిషి, మా ఊరి సంగతులు తెలీవు. పక్కన నేను, కాగితాలు అందుకోవడానికి. ఏడో వార్డుకి ఆ ఒక్క నామినేషనే వచ్చింది. నర్సమ్మ సంతకాలన్నీ సరిచూశాడు. ప్రతిపాదించేవారి గడిలో మా మరదలి పేరు, దాని పక్కన భర్త పేరు. ఆ పేరు దగ్గర వేలు ఆపి, ఎక్కడో చదివినట్టుందే అనుకుంటూ పాత ఖాళీ నోటీసు తిరగేశాడు. చదివి, కాగితం చిరిగేలా కొట్టేసిన ఆ మొదటి మాట దగ్గర ఆగాడు. మంచివాడే, గొంతు తగ్గించి అడిగాడు. ఈ పేరు ముందు కీర్తిశేషులు అని ఉండాలేమోనమ్మా, మర్చిపోయినట్టున్నారు, నేను చేర్చనా అన్నాడు. కలం మూత తీసి పట్టుకున్నాడు.

మా మరదలు నా వైపు చూసింది. ఏటి ఒడ్డున పదకొండు రోజులు పడవలు తిరిగొచ్చినప్పుడల్లా అలాగే చూసేది నన్ను, ముందు నా మొహమే చూసేది.

వాడు లేడని నాకు తెలుసు. ఆ పిల్లకీ తెలుసు. ఆ గదిలో మాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

"అక్కర్లేదు సార్," అన్నాను. "రికార్డు ప్రకారం గైర్హాజరు. అంతవరకే."

ఆయన మా ఇద్దర్నీ ఒకసారి చూశాడు. కలానికి మూత పెట్టి, నామినేషన్ మీద టైము పదకొండూ ఇరవై అని నన్ను వేయమని చెప్పి, స్టాంపు కొట్టాడు.